నిమ్మరసం, బావంచాలు, కర్నూలు ఎండ: మొటిమల మొహానికి మూలికలు వాడేముందు

ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండు దాటింది. ఆ వేళకు కర్నూలు రోడ్ల మీద మనిషి అలికిడి ఉండదు. మా మెడికల్ షాపు షట్టర్ సగం దించి అన్నం గిన్నె తెరవబోతుంటే ఒకమ్మాయి స్కూటీ ఆపి లోపలికి వచ్చింది. మొహమంతా చున్నీ చుట్టుకుని ఉంది. ఇక్కడ ఎండకు ఆడపిల్లలంతా అట్లాగే చుట్టుకుంటారు కాబట్టి నేనేమీ అనుకోలేదు. చున్నీ విప్పింది. కుడి చెంప మీద నుంచి గడ్డం దాకా ఏదో కారి ఎండిపోయినట్టు ముదురు గోధుమరంగు చారలు. చారల అంచు గీత గీసినంత స్పష్టంగా ఉంది.

"అక్కా, ఇది పోయేదానికి ఏమన్నా క్రీము ఉందా?"

"ఏం పూసుకున్నావమ్మా?"

"మందేమీ కాదక్కా. నిమ్మకాయ రసంలో పసుపు కలిపి పూసుకుంటి. మొటిమలు పోతాయని చెప్పిరి. ఆకులూ కాయలే కదా, ఏమయితాదిలే అనుకుంటి."

"పూసుకుని ఇంట్లోనే కూర్చున్నావా?"

"లేదక్కా. అమ్మ వడియాలు పెడతా ఉంటే మిద్దె మీదికి పోయి సాయం చేస్తి."

జరిగింది అక్కడే. అరగంట సేపు మిద్దె మీద, ఏప్రిల్ ఎండలో, చెంపల మీద నిమ్మరసంతో ఉంది. మర్నాటికి మంట, ఎరుపు. మూడో రోజుకు చారలు నల్లబడ్డాయి.

కౌంటర్ వెనక నిలబడి 16 ఏళ్లయింది. "ఆకులే కదా" అన్న మాట వినని వారం లేదు. నేను కూడా సాన మీద జాజికాయ అరగదీసి మొటిమకు పెట్టే అవ్వ చేతుల్లో పెరిగినదాన్నే. మూలికలంటే నాకు చిన్నచూపు లేదు. వాటికి పనిచేసే గుణం ఉందని నమ్ముతాను కాబట్టే చెబుతున్నాను. పనిచేసేది ఏదైనా మందే. మందు అన్నాక ఎంత, ఎందులో కలిపి, ఎంతసేపు, ఏ వేళకు అన్న లెక్క ఉంటుంది. మన సీమ జిల్లాల్లో ఆ లెక్కలోకి ఇంకొకటి తప్పకుండా చేర్చాలి: ఎండ. కర్నూలు, అనంతపురం, కడపల్లో మొహానికి ఏ లేపనం వేసినా అందులో ఎండ కూడా ఒక సరుకుగా కలుస్తుంది. ఇంటర్నెట్‌లో చిట్కాలు చెప్పేవాళ్లు ఏ చల్లటి ఊళ్లో కూర్చుని చెబుతున్నారో, ఆ సరుకు సంగతి ఎత్తరు.

మూలికల సంగతికి వచ్చేముందు మొటిమ ఎట్లా పుడుతుందో కాస్త చూడాలి. లేకపోతే దేనికి ఏం పూస్తున్నామో తెలియదు.

చర్మంలో ప్రతి వెంట్రుక కుదురును అంటుకుని ఒక నూనె గ్రంథి ఉంటుంది. యుక్తవయసులో ఆండ్రోజన్ హార్మోన్లు పెరగగానే ఆ గ్రంథి ఎక్కువ నూనె ఊరుస్తుంది. కుదురు లోపలి గోడ నుంచి రాలే మృతకణాలు ఆ నూనెతో కలిసి ముద్దకట్టి, సీసాకు బిరడా పెట్టినట్టు రంధ్రాన్ని మూసేస్తాయి. బిరడా పైకి తెరుచుకుని ఉంటే బ్లాక్‌హెడ్. అది నల్లగా కనపడేది మురికి వల్ల కాదు. లోపలి పదార్థం గాలి తగిలి రంగు మారుతుంది, అంతే. ఎంత రుద్దినా పోకపోవడానికి కారణం అదే. బిరడా చర్మం కింద మూసుకుని ఉంటే వైట్‌హెడ్. ఆ మూతపడ్డ నూనెలో, మామూలుగా చర్మం మీద బతికే క్యూటీబ్యాక్టీరియం యాక్నెస్ అనే సూక్ష్మజీవి విపరీతంగా పెరుగుతుంది. ఒంట్లోని రక్షణ కణాలు దాని మీదికి వస్తాయి. ఎరుపు, వాపు, చీము. అప్పుడు అద్దంలో చూసుకుని "రాత్రికి రాత్రి వచ్చింది" అనుకుంటాం. అది లోపల మొదలై అప్పటికే కొన్ని వారాలయి ఉంటుంది.

నూనె, బిరడా, సూక్ష్మజీవి, వాపు. ఎవరైనా చిట్కా చెప్పినప్పుడు ఈ నాలుగింటిలో అది దేన్ని ముట్టుకుంటుందని అడిగి చూడండి. వంటింటి సరుకుల్లో ఎక్కువ భాగం పైపైన సూక్ష్మజీవిని, వాపును కొంచెం తగ్గిస్తాయి. లోపలున్న బిరడాను కదిలించేవి చాలా తక్కువ. కలబంద రాస్తే ఎరుపు తగ్గి, వారానికి పక్కన ఇంకో మొటిమ లేవడం అందుకే.

మన గోధుమరంగు చర్మానికి ఐదో సమస్య కూడా ఉంది. మొటిమ మానినా, కాలినా, గీరుకున్నా, మందు పడక ఎర్రబడినా ఆ చోట మెలనిన్ అనే రంగు పదార్థం పేరుకుని నల్లమచ్చ మిగులుతుంది. మొటిమ పది రోజులుంటే మచ్చ ఆరు నెలలుంటుంది. పిల్లలు మా షాపుకు వచ్చి "మొటిమలకు" అని అడిగేవాటిలో సగం నిజానికి ఆ మచ్చలే. మంట పుట్టించే చిట్కా ఏదైనా మచ్చను ఇంకా ముదర పెడుతుంది. తెల్లచర్మం వాళ్లు ఎర్రబడి తప్పించుకునే చోట మనం నెలల తరబడి నలుపు మోస్తాం.

ఇప్పుడు నిమ్మకాయ. చర్మం పైపొర కొంచెం ఆమ్ల గుణంతో, పిహెచ్ 5కు అటూ ఇటూగా ఉంటుంది. నిమ్మరసం పిహెచ్ 2 దగ్గర. పిహెచ్ కొలతలో ఒక మెట్టు దిగితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు లెక్క. మూడు మెట్లంటే వెయ్యి రెట్లు. దానికి విరుగుడని కొందరు కలిపే వంటసోడా అటువైపు క్షారం. రెండూ చర్మం కాపాడుకునే పొరను చెడగొట్టేవే.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి. నిమ్మరసంలో, మరీ ఎక్కువగా తొక్కలో, ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలున్నాయి. చీకట్లో వాటితో ఏ ఇబ్బందీ లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, అందులో యూవీ-ఎ రకం, వాటిమీద పడితే అవి చర్మకణాల డీఎన్‌ఏకు అతుక్కుని కణాలను కాల్చేస్తాయి. ఇది అలర్జీ కూడా కాదు. ఎవరికైనా జరగొచ్చు. వెంటనే తెలియదు కూడా. ఒక రోజు గడిచాక మొదలై, రెండు మూడు రోజులకు ముదురుతుంది. అందుకే పూసుకున్నదానికీ కాలినదానికీ ముడిపెట్టుకోలేక జనం "ఏదో పురుగు పాకింది" అనుకుంటారు. రసం ఏ దారిన కారితే మచ్చ ఆ దారినే పడుతుంది. ఆ అమ్మాయి చెంప మీది చారలు అవే. డాక్టర్లు దీన్ని ఫైటోఫోటోడెర్మటైటిస్ అంటారు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మిట్టమధ్యాహ్నం యూవీ సూచిక 11 దాటడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 11 దాటితే 'అత్యంత తీవ్రం'. ఆ ఎండలో నిమ్మరసంతో మిద్దె ఎక్కడమంటే మొహానికి వాత పెట్టుకోవడమే.

చీనీకాయల తొక్కల సంగతీ అడుగుతుంటారు. అనంతపురం వైపు ఎవరింట్లో చూసినా తొక్కలు ఎండబెట్టి పొడి కొట్టే అలవాటు ఉంది. చీనీలో ఆ కాల్చే పదార్థాలు నిమ్మలో ఉన్నంత ఉండవు. కానీ తొక్కలోని నూనె గాలికి పాతబడేకొద్దీ కొందరి చర్మానికి పడకుండా పోతుంది, పొడి గరుకుగా ఉంటే వాచిన మొటిమను చిదుపుతుంది. మొటిమలున్న మొహానికి దాన్ని వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం.

నిమ్మకాయ కంటే నాకు ఎక్కువ భయం వేసేది బావంచాలంటే. మూలికల అంగడికి పోయి "సున్నిపిండిలోకి సామాన్లు" అని అడిగితే కచ్చూరాలు, తుంగముస్తలు, ఎండు గులాబీ రేకులు, వాటితో పాటు నల్లగా మూత్రపిండం ఆకారంలో ఉండే చిన్న గింజలు కట్టిస్తారు. అవే బావంచాలు. బొల్లి మచ్చలకు ఆయుర్వేదంలో పేరుపడ్డ మందు. ఎందుకు పేరుపడిందంటే అందులో సోరలెన్ ఉంది, అది కూడా ఫ్యూరనోకౌమరినే. బొల్లికి చర్మవైద్యులు సోరలెన్ ఇచ్చి, ఆ తర్వాత యూవీ కాంతి ఎన్ని సెకన్లు, ఎన్ని నిమిషాలు పడాలో యంత్రంతో కొలిచి చూపిస్తారు. రంగు రప్పించడానికే ఆ వైద్యం. అదే గింజను మనం కొలత లేకుండా పిండిలో కొట్టి, తెల్లబడాలని మొహానికి రుద్దుకుని, కొలత లేని ఎండలోకి పోతున్నాం. కాలితే బొబ్బలు, కాలకపోతే నలుపు. మొటిమల మొహానికి చేసుకునే సున్నిపిండిలో బావంచాలు వేయకండి. అంగడాయన కట్టిస్తే పొట్లం విప్పి చూసి తీయించండి.

ఇదే మొక్క నుంచి బకుచియోల్ అనే మరో పదార్థాన్ని వేరుచేసి ఖరీదైన సీరమ్‌లలో వాడుతున్నారు. అది వేరు, గింజ పొడి వేరు. సీరమ్ పేరు చూసి గింజ కొనేవాళ్లు ఈమధ్య ఎక్కువవుతున్నారు కాబట్టి చెబుతున్నాను. ఒక మొక్కలో పది రకాల పదార్థాలుంటాయి. ఒకటి మంచిదైతే మొక్కంతా మంచిదని కాదు.

పసుపుకు వస్తే, మనది పసుపు పండే నేల. మైదుకూరు, టేకూరుపేట అన్న కడప ఊళ్ల పేర్ల మీద పసుపు రకాలే ఉన్నాయి. పసుపులోని కర్కుమిన్ వాపును తగ్గిస్తుందని ప్రయోగశాలల్లో తేలింది. అయితే పొడిలో అది ఉండేది నూటికి మూడు పాళ్ల దరిదాపుల్లో, పైగా చర్మం లోపలికి దిగడం కష్టం. అందుకే పసుపు పూస్తే మొటిమ మీద పచ్చదనం ఎక్కువ, ఫలితం తక్కువ. హాని అంటే, కొద్దిమందికి పసుపే పడదు, దురద, దద్దురు వస్తాయి. ఎక్కువ హాని కల్తీతో వస్తుంది. మెటానిల్ యెల్లో అనే రంగు కలిపిన పొడి అందరికీ చేటే. ఆహార భద్రత సంస్థ చెప్పే చిన్న పరీక్ష ఒకటుంది: గాజు గ్లాసు నీళ్లలో ఒక చెంచా పసుపు వేసి కదపకుండా వదిలేయండి. అసలు పసుపు అడుక్కు దిగుతూ నీళ్లకు లేత పసుపు రంగు ఇస్తుంది. కల్తీదైతే దిగేటప్పుడు చిక్కటి పసుపు చారలు వదులుతుంది. దీనికంటే సులువు, కొమ్ములు తెచ్చుకుని కొట్టించుకోవడం. కస్తూరి పసుపు చర్మానికి అంతగా రంగు అంటించదు కానీ ఆ పేరుతో వేరే దుంపల పొడి అమ్మేవాళ్లున్నారు.

వేపాకు కడిగి, మెత్తగా నూరి, పది నిమిషాలుంచి కడిగేస్తే చాలామందికి ఏమీ కాదు. సూక్ష్మజీవుల మీద కొంత పనిచేస్తుంది. వేపనూనె మాత్రం నేరుగా మొహానికి వద్దు, ఘాటుకు చర్మం ఎర్రబడుతుంది. "లోపలి నుంచి శుద్ధి" అని పరగడుపున వేపరసం తాగడం, అందులోనూ గర్భిణులు తాగడం మంచిది కాదు. పసిపిల్లలకు వేపనూనె తాగించి, వాంతులు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దలు సామెత చెప్పారు, దగ్గరున్నదానికి విలువివ్వమని. ఇప్పుడు తిరగబడింది: పెరట్లో ఉంది కాబట్టి ఎంత వాడినా ఏమీ కాదనుకుంటున్నాం.

వెల్లుల్లి మొటిమ మీద కట్టడం అసలు చేయకండి. పచ్చి వెల్లుల్లికి చర్మం బొబ్బలెక్కి కాలుతుంది, ఆ మచ్చ మొటిమ మచ్చ కంటే పెద్దది. టూత్‌పేస్టు కూడా అంతే. ముల్తానీ మట్టి జిడ్డు పీల్చుతుంది, పరవాలేదు. మన పొడి గాలికి అది నిమిషాల్లో బిగిసి పగుళ్లిస్తుంది, పూర్తిగా ఎండకముందే కడిగేయాలి. మా అవ్వ జాజికాయ కొద్దిగా వాపు తగ్గించేదేమో, సాన మీద వచ్చే ఆ గంధం చుక్క అగ్గిపుల్ల తలంత ఉండేది, అదీ రాత్రిపూట, ఒక్క మొటిమకే. ఇప్పుడు అదే జాజికాయ పొడిని చెంచాలతో కొలిచి మొహమంతా మెత్తుతున్నారు. అవ్వ కొలత మరిచిపోయి సరుకు మాత్రం గుర్తుపెట్టుకున్నాం.

ఎర్రచందనం గురించి కడప వాళ్లకు నేను చెప్పేదేముంది. శేషాచలం, పాలకొండలు, లంకమల, వాటి చుట్టుపక్కల కొండలు తప్ప ఆ చెట్టు ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెద్దగా పెరగదు. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్న చెట్టు. అట్లాంటి చెక్క పొడి 30 రూపాయల పొట్లంలో గుట్టలుగా దొరుకుతోందంటే అది రంగు వేసిన ఏ రంపపు పొట్టో అయ్యుండాలి. రంగు పొడి మొహానికి రాసుకోవడం కంటే ఊరుకోవడం మేలు.

నూనెల సంగతి రెండు ముక్కల్లో. మొటిమలు నుదురు మీదే, జుట్టు మొదలు వెంబడి వరుసగా ఉంటే తలనూనె వైపు చూడండి. తలకు దట్టంగా పట్టించిన నూనె చెమటతో నుదుటికి దిగి రంధ్రాలు మూస్తుందని 1970లోనే వైద్యులు రాసి, దానికి పొమేడ్ యాక్నె అని పేరు కూడా పెట్టారు. బడికి రెండు జడలకు నూనె కారేట్టు పెట్టి పంపే తల్లులు రాత్రి పెట్టి పొద్దున తలస్నానం చేయిస్తే సగం నుదుర్లు బాగవుతాయి. మొహానికి కొబ్బరినూనె వద్దు.

"వేడి చేసింది" అన్న మాట కూడా తీసిపారేయను. బంగినపల్లి కాయలు తిన్న నెలలో మొటిమలు లేచాయని చాలామంది చెబుతారు. మామిడిలో వేడి ఉందని చూపే ఆధారం లేదు. కానీ రక్తంలో చక్కెరను గబగబా పెంచే తిండి మొటిమలను ఎక్కువ చేస్తుందని చిన్న చిన్న పరీక్షలు చెబుతున్నాయి. రోజుకు నాలుగు కాయలు, పైన కూల్‌డ్రింకు, తెల్లన్నం అన్నీ కలిస్తే ఆ లెక్కలోకి రావచ్చు. పెదవుల చుట్టూ మంటతో లేచే పొక్కులు మాత్రం మొటిమలు కావు. అది తొడిమ దగ్గర కారే సొన కాల్చిన కాలుడు. కాయ నీళ్లలో నానబెట్టి, కడిగి, కోసుకుని తింటే రాదు.

మరి మూలికల్లో పరీక్షకు నిలిచినవేమైనా ఉన్నాయా అంటే, కొన్ని ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 1990లో 124 మంది మీద 5 శాతం టీ ట్రీ ఆయిల్‌ను, 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మామూలు మొటిమల మందుతో పోల్చి చూశారు. రెండూ మొటిమలు తగ్గించాయి. నూనె నిదానంగా పనిచేసింది, మంట తక్కువ చేసింది. ఇక్కడ కన్ను పెట్టాల్సిన మాట 5 శాతం. మనవాళ్లు సీసా మూత తీసి చుక్క నేరుగా మొటిమ మీద వేస్తున్నారు, అది నూటికి నూరు శాతం. 20 చుక్కల లేపనంలో ఒక చుక్క ఉండాలి. గాలి తగిలి పాతబడ్డ నూనె అలర్జీ తెస్తుంది కాబట్టి చిన్న సీసా కొని, ఎండకు దూరంగా పెట్టి, పాతదైతే పారేయాలి. ఇరాన్‌లో 60 మంది మీద జరిపి 2014లో ప్రచురించిన ఇంకో పరీక్షలో, ట్రెటినాయిన్ అనే మందుతో పాటు కలబంద జెల్ వాడినవాళ్లకు ఒక్క ట్రెటినాయిన్ వాడినవాళ్ల కంటే బాగా తగ్గింది, ఎరుపూ తక్కువైంది. కలబంద అక్కడ మందుకు తోడు నిలిచింది. 2015లో, వైద్య పరీక్షల ఫలితాలను కూర్చి చూసే కోక్రేన్ సంస్థ ఇట్లాంటి ప్రత్యామ్నాయ వైద్యాల మీద 35 పరీక్షలను, 3,227 మందిని కలిపి చూసి, టీ ట్రీ ఆయిల్ లాంటి ఒకటి రెండింటికి మాత్రం కొద్దిపాటి ఆధారం ఉందని, అదీ బలమైనది కాదని తేల్చింది.

ఇంకొక సంగతి ఆలోచించండి. అజెలాయిక్ ఆమ్లం గోధుమ, బార్లీ గింజల్లో సహజంగా ఉండేదే. మొటిమకూ, అది మిగిల్చే నల్లమచ్చకూ రెండింటికీ డాక్టర్లు రాస్తారు. సాలిసిలిక్ ఆమ్లం చరిత్ర విల్లో చెట్టు బెరడుతో మొదలైంది. ఇది బిరడాను కరిగించే మందు. అంటే ట్యూబులో ఉన్నదానికీ చెట్టున ఉన్నదానికీ మనం అనుకునేంత దూరం లేదు. ట్యూబు మీద కొలత రాసి ఉంటుంది, చెట్టు మీద ఉండదు. తేడా అంతే.

ఇప్పుడు అసలు ప్రమాదం. మూలికల పేరుతో వచ్చే డబ్బాల సంగతి. బ్యూటీ పార్లర్లలోనో, ఇంటింటికీ తిరిగే వాళ్ల దగ్గరో, వాట్సాప్‌లోనో దొరికే "నూరుశాతం ఆయుర్వేద" క్రీములు. డబ్బా మీద కంపెనీ చిరునామా ఉండదు, బ్యాచ్ నంబరు ఉండదు, లోపల ఏముందో రాసి ఉండదు. రాసిన నాలుగు రోజులకే మొటిమలు మాయమై మొహం మెరుస్తుంది. మూలికకు అంత వేగం ఉండదు. అంత వేగం స్టెరాయిడ్‌కే ఉంటుంది. రెండు మూడు నెలలకు చర్మం పల్చబడి సన్నటి రక్తనాళాలు కనపడతాయి, మీసం దగ్గర నూగు వస్తుంది, ఎండకు పోతే మొహం మండుతుంది. క్రీము ఆపిన రోజు మొటిమలు గుంపుగా లేస్తాయి. మళ్లీ రాస్తే తగ్గుతాయి. ఆ వలలో పడ్డాక బయటికి రావడం కష్టం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు. మన దేశంలో పలు ఆసుపత్రుల్లో మొహం మీద చర్మ జబ్బులున్న 2,926 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 433 మంది, అంటే దాదాపు 15 శాతం, మొహానికి స్టెరాయిడ్ రాస్తున్నవాళ్లే. వాళ్లలో ఎక్కువగా కనపడ్డ దుష్ఫలితం మొటిమలే. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా చీటీ లేకుండా ఫలానా ట్యూబు ఇవ్వమని మా కౌంటర్ దగ్గర అడిగేవాళ్లు ఈరోజుకీ వస్తున్నారు. నేను ఇవ్వను. వాళ్లకు కోపం వస్తుంది. రానివ్వండి.

రెండోది పాదరసం. తెల్లబరిచే క్రీముల్లో దాన్ని కలుపుతారు. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్ డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. అరుదైన ఒక ఉపరకం తేలిన 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడుతున్నవాళ్లే. మొహానికి రాసినది మూత్రపిండానికి చేరింది. డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్, తయారీ తేదీ, గడువు, లోపలి సరుకుల జాబితా లేకపోతే అది ఎవరిచ్చినా, ఎంత ప్రేమతో ఇచ్చినా ముట్టుకోవద్దు.

ఇంట్లో మూలిక వాడాలనుకునేవాళ్లకు నేను చెప్పే పద్ధతి ఇది. ఒకసారికి ఒకటే సరుకు. ఆరు కలిపి పూస్తే దేనికి మొహం మండిందో బ్రహ్మకు కూడా తెలియదు. మొదట మోచేతి లోపలి మడతలో రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు, వారం పాటు పూయండి. అలర్జీ ఒక్కోసారి మూడు నాలుగు రోజుల తర్వాతే బయటపడుతుంది, అందుకే ఒక్కరోజు చూసి వదలకూడదు. ఎరుపు, దురద లేకపోతే దవడ కింద ఒక చోట మూడు రోజులు. ఆ తర్వాతే మొహం. ఏ లేపనమైనా పొద్దు గూకాకే, కడిగేయాల్సినదైతే పది పదిహేను నిమిషాలే. పిండితో రుద్దవద్దు, అద్ది కడిగేయండి. సున్నిపిండి పల్చటి గుడ్డలో జల్లించినదై ఉండాలి. మండితే "పనిచేస్తోంది" అనుకోవద్దు, వెంటనే చల్లటి నీళ్లతో కడిగి ఆపేయండి. డాక్టరు ట్రెటినాయిన్, అడపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ ఏదైనా రాసి ఉంటే దాని మీద నిమ్మ, సున్నిపిండి, స్క్రబ్బు ఏదీ వద్దు. ఆ మందులే చర్మాన్ని కొంత పొడిబారుస్తాయి. గర్భం ఉన్నా, గర్భం కోసం చూస్తున్నా ట్రెటినాయిన్, అడపలీన్, ఐసోట్రెటినాయిన్ వద్దు. చివరిది బిడ్డకు తీవ్రమైన అవకరాలు తెస్తుంది.

మధ్యాహ్నం బయటికి పోవాల్సి వస్తే ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, జిడ్డులేని జెల్ రకం, రెండు వేళ్ల పొడవున తీసుకుని రాయాలి. చున్నీ మంచిదే, కానీ రోజూ ఉతికినది కట్టుకోండి. నిన్నటి చెమట చున్నీ చెంపలకు ఒరుసుకుంటే ఆ ఒరిపిడికే మొటిమలొస్తాయి. హెల్మెట్ పట్టీ కూడా అంతే.

గోళీల్లా నొప్పి పెట్టే గడ్డలు, గుంటలు పడుతున్న మచ్చలు ఉంటే, ఇంటి మందుతో ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు. గుంట పడ్డాక పూడదు. ఆడపిల్లకు నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తూ మొటిమలుంటే పీసీఓఎస్ అనే అండాశయాల, హార్మోన్ల సమస్య ఏమో చూపించాలి. కర్నూలు పెద్దాసుపత్రిలోనూ, కడప, అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చర్మ విభాగం ఓపీ ఉంది. మందు మొదలుపెట్టాక కూడా ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. రెండు వారాలకే మార్చేస్తూ పోతే ఏదీ పనిచేయదు.

ఆ అమ్మాయికి ఆరోజు నేను క్రీమేమీ ఇవ్వలేదు. అన్నీ ఆపి, నీడపట్టున ఉండి, పెద్దాసుపత్రిలో చూపించుకోమని పంపాను. శ్రావణమాసంలో మళ్లీ వచ్చింది. చారలు లేత నీడల్లా మిగిలాయి. డాక్టరు రాసిన మందు వాడుతోంది. చేతిలో కవరు. ఇంటి కుండీలోని కలబంద మట్ట తెచ్చింది. డాక్టరమ్మ రాయొచ్చందట, ఎట్లా తీయాలో చూపించమంది.

కౌంటర్ మీద స్టీలు గ్లాసు పెట్టి, మట్టను అడుగున అడ్డంగా కోసి, కోత కిందికి ఉండేట్టు గ్లాసులో నిలబెట్టాను. కాసేపటికి చిక్కటి పసుపు జిగురు బొట్లు బొట్లుగా కారడం మొదలుపెట్టింది. ముక్కు దగ్గరికి తెస్తే చేదు వాసన. "చూడు, ఇది అలోయిన్. గుజ్జు మంచిదే, ఈ జిగురే దురద పెట్టేది. జనం మట్ట కోసిన చేత్తోనే మొహానికి రుద్దేది దీన్ని కూడా కలిపే." పావుగంట అట్లాగే ఉంచాం. తర్వాత అంచు ముళ్లు చెక్కి, ఆకుపచ్చ తొక్క తీసి, లోపలి గాజులాంటి గుజ్జును రెండుసార్లు నీళ్లలో కడిగాను. మిగిలినది మూతపెట్టి ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచొద్దని చెప్పాను. చిన్న ముక్క మోచేతి మడతలో అద్ది పంపించాను.

ఎనిమిదో రోజు ఫోన్ చేసింది. "ఎర్రబడలేదక్కా. ఇంక మొహానికి పూసుకోవచ్చా?"

"ముందు దవడ కింద మూడు రోజులు. రాత్రిపూట," అన్నాను.